ఐక్యరాజ్యసమితి పాఠంలో చుండూరు ఎక్కడ?

హైస్కూలు సాంఘికశాస్త్రంలో ఐక్యరాజ్యసమితి పాఠం అంటే ఏముంటుంది? 1945 అక్టోబర్ 24. న్యూయార్క్. ఆరు అంగాలు. భద్రతామండలిలో అయిదుగురు శాశ్వత సభ్యులు, వీటో. హేగ్‌లో అంతర్జాతీయ న్యాయస్థానం, 15 మంది జడ్జీలు, తొమ్మిదేళ్ల పదవి. మా తరం ఇదంతా బిట్ పేపర్ కోసం బట్టీ పట్టింది. ఇప్పటి పిల్లలూ అదే పడుతున్నారు. తెనాలి, బాపట్ల, రేపల్లె హాస్టళ్లలో నేను మాట్లాడిన పిల్లలు ధర్మకర్తృత్వ మండలి పేరు కూడా తడుముకోకుండా చెప్పారు. చూసుకోవడానికి భూభాగాలేవీ మిగలక ఆ మండలి 1994లోనే పని ఆపేసింది. ఆ సంగతి మాత్రం వాళ్లకెవరూ చెప్పలేదు.

తెనాలి స్టేషన్లో రైలు పట్టాలు రెండుగా చీలతాయి. ఒకటి రేపల్లె వెళ్తుంది. రెండోది బాపట్ల వైపు పోతూ చుండూరు మీదుగా వెళ్తుంది. 1991 ఆగస్టు 6న ఆ ఊళ్లో ఎనిమిది మంది దళితుల్ని పొలాల వెంట తరిమి చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. అంతకుముందు 1985 జూలై 17న కారంచేడులో ఆరుగుర్ని చంపారు. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడ్డాక ఈ రెండు ఊళ్లూ ఒకే జిల్లాలోకి వచ్చాయి. ఈ జిల్లా పిల్లవాడికి మానవహక్కుల ప్రకటన అంటే 1948 డిసెంబర్ 10 అనే తేదీ. ఆ తేదీకీ తన ఊరికీ సంబంధం ఏమిటని అడిగే చోటు పాఠంలో లేదు.

సంబంధం నిజంగా ఉందా అని కొందరు టీచర్లే నన్ను ఎదురడిగారు. "ఆ సంస్థ దేశాల గొడవలు చూసుకునేది, మన పల్లె గొడవలకీ దానికీ ఏంటండీ" అన్నారు. ఈ మాట అమాయకంగా కనపడుతుంది గానీ, ఇదే మాటని మన ప్రభుత్వం ప్రపంచవేదికల మీద చాలాకాలం అంటూ వచ్చింది. కాబట్టి కాస్త నిలబడి చూడాలి.

1946లో ఐక్యరాజ్యసమితి తొలి సమావేశాల్లోనే భారతదేశం దక్షిణాఫ్రికా మీద ఫిర్యాదు పెట్టింది. అక్కడి భారతీయుల పట్ల వర్ణవివక్ష చూపిస్తున్నారని ఆ ఫిర్యాదు. ఇది మా ఆంతరంగిక వ్యవహారం అని దక్షిణాఫ్రికా అన్నది. కాదు, మానవహక్కులు అందరి వ్యవహారం అని మనవాళ్లు వాదించారు. మంచి వాదన. అదే ఏడాది అంబేద్కర్ అమెరికా నల్లజాతి మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాశాడు. అక్కడి నీగ్రో కాంగ్రెస్ ఐక్యరాజ్యసమితికి పెట్టిన విన్నపం గురించి తెలుసుకున్నాననీ, దాని ప్రతి పంపమనీ, అంటరానివాళ్లు కూడా అదే దారి పట్టే ఆలోచనలో ఉన్నారనీ దాని సారం. డుబాయిస్ సానుభూతితో జవాబిచ్చాడు. తర్వాత అంబేద్కర్ షెడ్యూల్డ్ కులాల స్థితి మీద ఐక్యరాజ్యసమితికి ఇవ్వడానికి ఒక నివేదిక తయారు చేశాడు. ఇవ్వలేదు. రాజ్యాంగసభకీ, రాబోయే పార్లమెంటుకీ ముందొక అవకాశం ఇవ్వాలనుకున్నానని 1951లో మంత్రి పదవికి రాజీనామా చేసినప్పుడు తనే చెప్పాడు. రాజ్యాంగం రాసిన మనిషి, ఆ రాజ్యాంగం కింద రెండేళ్ల పాలన కూడా గడవకముందే, ఆ ఇవ్వని నివేదికని గుర్తు చేసుకున్నాడు. అంబేద్కర్ ఫొటోకి ఏటా దండలేసే స్కూళ్లలో ఈ ఒక్క విషయం చెప్పినా ఐక్యరాజ్యసమితి పాఠం పిల్లలకి తమ పాఠం అవుతుందని నా అభిప్రాయం.

1965లో జాతివివక్ష నిర్మూలన ఒడంబడిక వచ్చింది. వివక్ష దేని ఆధారంగా జరుగుతుందో మొదటి అధికరణమే చెప్తుంది: జాతి, రంగు, పుట్టుక, జాతీయ మూలం. ఇందులో పుట్టుక అనే మాటని చేర్చమని సవరణ తెచ్చింది భారతదేశమే. 1968లో మనం ఆ ఒడంబడికని ఆమోదించాం. దాన్ని పర్యవేక్షించే కమిటీ 1996లో, పుట్టుక అంటే కులం కూడా వస్తుంది కదా, లెక్క చెప్పండి అన్నది. రాదు అన్నారు మనవాళ్లు. 2001లో డర్బన్ సదస్సు నాటికి గొంతు పెరిగింది. కులం జాతి కాదు, ఇది మా ఆంతరంగిక వ్యవహారం అన్నారు. 1946లో దక్షిణాఫ్రికా చెప్పిన మాటే మన నోట వచ్చింది. డర్బన్ తుది ప్రకటనలో కులం అన్న మాట లేకుండా పోయింది. అయినా 2002లో ఆ కమిటీ, పుట్టుక ఆధారిత వివక్షలో కులం ఉంటుందని 29వ సాధారణ సిఫార్సుగా రాసిపెట్టింది.

కార్పొరేట్ స్కూళ్లలో ఇప్పుడు మోడల్ యు.ఎన్. అని ఒకటి నడుస్తున్నది. కోటు, టై, ఇంగ్లీషు, ఒక్కో పిల్లవాడు ఒక్కో దేశ ప్రతినిధి. బట్టీ కంటే నయమే, కనీసం నోరు విప్పుతారు. కానీ అక్కడ ప్రతినిధి అంటే ప్రభుత్వం గొంతు. డర్బన్ చర్చ పెట్టి ఒక మాదిగ పిల్లకి ఇండియా కుర్చీ ఇస్తే ఏమవుతుంది? కులం మీద బయటివాళ్లు మాట్లాడకూడదని తనే లేచి వాదించాలి. బాగా వాదిస్తే బహుమతి. ఆ ఆటలో పేటకి కుర్చీ ఉండదు. డర్బన్‌కి మన దేశం నుంచి దళిత సంఘాలవాళ్లు కూడా వెళ్లారు, అధికార ప్రతినిధులతో పాటు వాళ్లూ ఆ ఊళ్లోనే ఉన్నారు. ఆ రెండో గొంతుకి కుర్చీ వెయ్యనంత కాలం ఈ ఆట ఖరీదైన బట్టీ.

మనవాళ్లలోనూ ఒక జబ్బుంది, అదీ చెప్పాలి. జెనీవా వెళ్లొస్తే ఉద్యమం అయిపోయినట్టు కొందరి ధోరణి. చుండూరు బాధితులు జెనీవా వైపు చూస్తూ కూర్చోలేదు. ఊరు వదిలి తెనాలిలో శిబిరం పెట్టుకుని, కొట్లాడి, 1989 అత్యాచార నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టుని చుండూరులోనే పెట్టించారు. 2007 ఫిబ్రవరిలో జెనీవాలో కమిటీ భారతదేశాన్ని కులం గురించి ప్రశ్నిస్తున్నప్పుడు ఈ కోర్టులో విచారణ సాగుతూనే ఉంది. జూలై 31న తీర్పు వచ్చింది: 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ నిర్దోషులన్నది. పిల్లలకి ఈ రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చెప్పాలి. ఏ సంస్థ ఎక్కడిదాకా పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నది అప్పుడు వాళ్లే తేల్చుకుంటారు.

కారంచేడు మొదలైంది మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర, ఆ నీళ్లని పాడు చెయ్యొద్దన్నందుకు. పాతికేళ్ల తర్వాత, 2010 జూలై 28న, మంచినీళ్లు మానవహక్కు అని ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 122 ఓట్లతో తీర్మానం చేసింది. సాంఘికశాస్త్రం టీచరుకి ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? రేపల్లె వైపు పిల్లలకైతే సముద్రం ఉంది. 2022లో జెనీవాలో ప్రపంచ వాణిజ్యసంస్థ చేపలవేట సబ్సిడీల మీద ఒప్పందం కుదుర్చుకుంది. నిజాంపట్నంలో బోటు డీజిలు ఖర్చు తెలిసిన ఇంటి పిల్లలకి సబ్సిడీ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

బాపట్లలో ఒక హాస్టల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది: "మరి చుండూరోళ్లు ఆ కమిటీకి డైరెక్టుగా కాయితం పెట్టుకోవచ్చా సార్?" పెట్టుకునే వీల్లేదు. ఆ ఒడంబడికలో 14వ అధికరణం ఉంది. ప్రభుత్వం దాన్ని ఒప్పుకుంటున్నానని విడిగా ప్రకటిస్తేనే ఆ దేశంలోని మనుషులు సొంతంగా ఫిర్యాదు చెయ్యగలరు. భారతదేశం ఆ ప్రకటన చెయ్యలేదు. ఇది చెప్తే క్లాసు కాసేపు గమ్మున ఉండిపోయింది. తర్వాత వెనక బెంచీ నుంచి ఒకడు, ఆ సంతకం ఎవరు పెట్టాలి, ప్రధానమంత్రా, పార్లమెంటా అని అడిగాడు. ఆ రోజు మిగతా గంటంతా దాని మీదే నడిచింది.