కొవ్వొత్తి వెలుగు, కుదించిన చిత్రము

థాకరే 1844లో వ్రాసిన నవలను ఆధారముగా గొని స్టాన్లీ కుబ్రిక్ 1975లో ‘బారీ లిండన్’ అను చలనచిత్రమును నిర్మించెను. 18వ శతాబ్దపు ఐరోపా కథ అది. దృశ్యములు ఆ కాలపు తైలవర్ణ చిత్రములవలె నిలిచియుండును. జూమ్ కటకము ఒక ముఖమునుండి మెల్లగా దూరమగుచు, తుదకు తోటను, కొండను, ఆకాశమును చూపును. ఈ చిత్రమునకు కథకంటె చూపే ప్రాణము. కనుక ఏ ప్రతిలో చూచినను ఒకటే యనుకొనుట పొరపాటు.

రాత్రివేళ గదులలో జరుగు ముఖ్యదృశ్యములను ఛాయాగ్రాహకుడు జాన్ ఆల్కాట్ కొవ్వొత్తుల వెలుగులోనే తీసెను. ఇందుకు జైస్ సంస్థ నాసా కొరకు తయారుచేసిన 50 మిల్లీమీటర్ల కటకమును వాడిరి. దాని ద్వారసంఖ్య 0.7. సంఖ్య 1.4 గల కటకముకంటె ఇది నాలుగురెట్ల కాంతిని లోనికి రానిచ్చును. కాని ఫోకస్ లోతు మిక్కిలి స్వల్పము; నటుడు కొంచెము ముందుకు వంగినను ముఖము మసకబారును. విమర్శకులు మెచ్చుకొను ఆ నిశ్చలతలో కొంత కళ, కొంత భౌతికశాస్త్రము!

జూదపు బల్లకడ బారీ, లేడీ లిండన్ ఒకరినొకరు చూచుకొను ఘట్టమును గమనింపుడు. వెలుగు మంటనుండి చెంపమీదికి, చెంపనుండి గోడమీదికి, గోడనుండి చీకటిలోనికి ఎచ్చటను గీత యన్నది లేకుండ జారిపోవును. దానిపై ఫిల్మురేణువులు సన్నని ఇసుకవలె కదలాడుచుండును.

ఇప్పుడు లెక్క చూతము. తెరమీద 1,920 నిలువు వరుసలు, 1,080 అడ్డు వరుసలు ఉన్నచో బిందువులు 20 లక్షలకు పైగా అగును. బిందువునకు మూడు బైట్లు, సెకనుకు 24 చిత్రములు: మొత్తము సెకనుకు సుమారు 120 కోట్ల బిట్లు. ఇంటికి వచ్చు ఇంటర్నెట్ ప్రసారము 50 లక్షల బిట్లు మాత్రమే యైనచో, 240 పాళ్లలో ఒక పాలు మిగులును.

ఇది మోసము కాదు. హాజరుపట్టీలో “నిన్నటివలెనే, ఇద్దరు మాత్రము రాలేదు” అని వ్రాసినచో పేర్లన్నియు మరల వ్రాయ నక్కరలేదు గదా! వీడియో కుదింపు కూడ ముందటి చిత్రమునకు, తరువాతి చిత్రమునకు గల భేదమునే పంపును. పిదప చిత్రమును చిన్నచిన్న చదరములుగా విభజించి, స్థూలమైన మార్పులను ఉంచి, సూక్ష్మమైనవానిని సవరించి విడిచివేయును. నేటి పద్ధతులలో పెక్కింటికి నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు 1974లో ప్రకటించిన డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫారం గాని, దాని రూపాంతరములు గాని ఆధారము.

నిశ్చలమైన చిత్రము గనుక ‘బారీ లిండన్’ ఈ పద్ధతికి అనుకూలమని తోచును. నిజమునకు అది కష్టమైన పరీక్ష. ఫిల్మురేణువులు ప్రతి చిత్రమునను మారును. దినదినము వేరువేరు పిల్లలు మానివేయు తరగతి వంటిదది. బిట్లు చాలనప్పుడు యంత్రము మొదట రేణువులనే తుడిచివేయును. ముఖములు మైనపు బొమ్మల ముఖములగును. గోడమీది మెత్తని నీడ మెట్లుమెట్లుగా విడిపోయి, మంటచుట్టు వలయములు తేలును. నటులు కదలక కూర్చుండుటచే ప్రేక్షకుని చూపు ఆ వలయములమీదనే నిలుచును. పోట్లాటల చిత్రములో ఇట్టి లోపమును ఎవరు గమనింతురు?

పగటి దృశ్యములకు ఇంత హాని లేదు. సైనికుల ఎర్రకోటులు చక్కగనే కనబడును. మబ్బుపట్టిన ఆకాశము మాత్రము కొంత చెడును.

2018లో వెలువడిన ఏవీ1 పద్ధతిలో ఒక చమత్కారము కలదు. రేణువులను ముందుగా తొలగించి, వాని స్వభావమును మాత్రము వర్ణించి పంపినచో, ఇంటి యంత్రము క్రొత్తరేణువులను పుట్టించును. అవి ఆల్కాట్ ఫిల్ములోని రేణువులు కావు. అయినను మైనపు ముఖములకంటె మేలే.

అసలు విచారకరమైన సంగతి వేరొకటి. చౌకప్రతిని చూచిన విద్యార్థి “పాతచిత్రము, ఛాయాగ్రహణము అంతే” యని ఛాయాగ్రాహకునిపై నేరము మోపును. ఆ ఛాయాగ్రహణమునకే ఆస్కారు బహుమతి లభించినదని అతడు నమ్మడు. ఉపాధ్యాయులు గదిని చీకటిచేసి ఆ జూదపు ఘట్టమునే రెండుమారులు చూపవచ్చును: ఒకమారు 480 వరుసల ప్రసారములో, మరొకమారు సెకనుకు 4 కోట్ల బిట్ల వరకు చిత్రమునకు ఇయ్యగల బ్లూ-రే డిస్కునుండి. డిస్కులో గూడ వలయములు కనబడినచో తెరను అనుమానింపవలెను. కొన్ని తెరలు నలుపునకు దగ్గరి ఛాయలను విడదీయజాలవు. పిల్లలను ముఖములవంక గాక, వెనుకనున్న గోడవంక చూడుమనవలెను.