మంచు ఆరాకే పత్తి

డిసెంబరులో ప్రత్తిపాడు, పర్చూరు వైపు పత్తి చేలో తెల్లారగట్ల దిగితే పని సాగదు. విచ్చిన కాయల మీద మంచు పడి ఉంటుంది. తడిసిన పత్తి గోతాంలో ముద్దకట్టి రంగు మారుతుంది. మద్దతు ధర పూర్తిగా దక్కాలంటే తేమ 8 శాతం దాటకూడదు, 12 దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనదు. అందుకే మంచు ఆరేదాకా ఆగుతారు.

ఫిబ్రవరి దాటాక అవే ఊళ్లలో పని వేళ ముందుకు జరుగుతుంది. మిరప కోతలకు ఆదోని, కోసిగి ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వలస వస్తాయి. కిలోల లెక్కన కూలి అయితే, ఎండ ముదరక ముందు కోసిందే లాభం. కల్లంలో పట్టా కప్పిన కాయలను మాత్రం మంచు ఆరాకే తెరుస్తారు.

పని వేళను పంట చెబుతుంది. మరి ఒళ్లు?

దానికీ ఒక గడియారం ఉంది. 1971లో రోనాల్డ్ కొనొప్కా, సేమూర్ బెంజర్ పండ్ల ఈగల్లో దాని జన్యువు జాడ పట్టారు. అది పనిచేసే తీరును విప్పిన ముగ్గురికి 2017లో నోబెల్ వచ్చింది. ఈ గడియారం అందరిలో ఒకేలా తిరగదు. కొందరికి పొద్దున్నే చురుకు, కొందరికి సాయంత్రం. కౌమారంలో అది బాగా వెనక్కి జరుగుతుంది. కాలేజీ హాస్టళ్లలో తెల్లారకముందే స్టడీ అవర్లో కునికే ఇంటర్ పిల్లలను బద్ధకస్తులనడం అన్యాయం.

అలాగని ఆ గడియారం మారనిదేమీ కాదు. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో కెన్నెత్ రైట్ బృందం కొలరాడోలో కొందరిని వారంపాటు కరెంటు దీపాలు లేకుండా డేరాల్లో ఉంచింది. వాళ్ల శరీర గడియారాలు పొద్దుతో కలిసి నడవసాగాయి. ఆలస్యంగా పడుకునే అలవాటున్నవాళ్లలోనే మార్పు ఎక్కువ. పగలంతా చేలో వెలుతురులో ఉండే కూలీకి తెల్లారగట్ల మెలకువ రావడంలో ఆ వెలుతురు పాత్ర ఉంది. పగలు ఏసీ గదిలో గడిపి, అర్ధరాత్రి దాకా ఫోను చూసే ఉద్యోగి ఆ కూలీలా నాలుగింటికి అలారం పెట్టుకుంటే నిద్ర తరుగుతుందంతే. లేవగానే అరగంట ఆరుబయట నడవడం అతనికి మేలు. సెలవుల్లో అలారం లేకుండా ఎప్పుడు మెలకువ వస్తోందో, ఏ వేళకు తల తేటగా ఉంటోందో కొన్నాళ్లు రాసుకుంటే, కష్టమైన పనిని ఆ వేళకు పెట్టుకోవచ్చు.

కోతకెళ్లే మహిళా కూలీకి ఆ వెసులుబాటు లేదు. చేలోకి వెళ్లేలోగా ఆమె వంట ముగించి, క్యారేజీలు కట్టి, పిల్లలను లేపాలి. ఇంట్లో మగవాళ్లు పొయ్యి వెలిగిస్తే ఆమెకు ఇంకాస్త నిద్ర దక్కుతుంది.