ఎవరి జైలు, ఎవరి ‘నేను’?

జైలు సాహిత్యం అనగానే మనకి గుర్తొచ్చేవి రాజకీయ ఖైదీల రచనలే. స్త్రీలు రాసినవీ అంతే. 1970లో అరెస్టయి, విచారణ తేలకుండానే అయిదేళ్లు హజారీబాగ్, జంషెడ్‌పూర్ జైళ్లలో గడిపిన మేరీ టైలర్ పుస్తకం 1977లో వచ్చింది. తెలుగులోకీ అనువాదమైంది. సుధా భరద్వాజ్ ‘ఫ్రమ్ ఫాన్సీ యార్డ్’ 2023లో వచ్చింది. ఈ రెండిట్నీ పక్కపక్కన పెట్టుకుని చదువుతుంటే ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. దొంగతనం కేసులోనో, భర్త హత్య కేసులోనో లోపలికొచ్చిన స్త్రీ తన కథ తానే ఎందుకు రాయలేదు?

చదువు లేకపోవడం ఒక కారణం. కానీ అదొక్కటే కాదు. విచారణలో ఉన్న మనిషి ‘నేనే చేశాను’ అని రాస్తే అది సాహిత్యంగా మిగలదు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు గానీ, తన చేత్తో రాసుకున్నది సాక్ష్యంగా ఎదురు తిరగొచ్చు. శిక్ష పడ్డాక అప్పీలు ఉంటుంది. అంటే ఆమె మౌనంలో తెలివి కూడా ఉంది. దాన్ని వట్టి నిస్సహాయత అనుకోవడం మన చదువుకున్నవాళ్ల అలవాటు.

సుధా భరద్వాజ్ లాయరు కాబట్టి ఈ సంగతి ఆమెకి తెలుసు. 2018 నవంబరు నుంచి 2020 ఫిబ్రవరి దాకా యెరవాడ జైల్లో, ఉరిశిక్ష పడినవాళ్లని ఉంచే యార్డులో, సెల్లు ఊచల్లోంచి చూస్తూ 76 మంది స్త్రీల గురించి చిన్న చిన్న చిత్రాలు రాశారు. వాళ్ల తరఫున ‘నేను’ అనలేదు. చూసినంతే, విన్నంతే. కొన్ని చిత్రాలు మరీ పొట్టిగా ఆగిపోతాయి, ఇంకాస్త చెబితే బావుండునని విసుగొస్తుంది కూడా. అయినా ఆ ఊచలు మనకీ వాళ్లకీ మధ్య కూడా ఉన్నాయని దాచకపోవడమే నాకు నచ్చింది.

టైలర్ పద్ధతి వేరు. ఆమె హిందీ నేర్చుకుని తోటి ఖైదీలతో కలిసిపోయారు. ఆ స్త్రీల వెనకున్న పేదరికాన్ని ఎంతో ఆర్ద్రంగా చూపించారు. అయితే అంతా పేదరికం ఖాతాలోకే వెళ్లిపోతుంటే, ఆ స్త్రీ కోపం, ఆమె తీసుకున్న నిర్ణయం ఎక్కడికి పోయినట్టు? భర్తని చంపిన స్త్రీ బాధితురాలైతేనే మన సానుభూతి దక్కుతుంది. లేకపోతే మనమూ కాస్త జరిగి కూర్చుంటాం, స్త్రీవాదులమైనా సరే.

చదవడం రాయడం రాని ఫూలన్ దేవి చెబుతుండగా వేరేవాళ్లు రాసిన ఆత్మకథ 1996లో వచ్చింది. జైల్లో పదకొండేళ్లున్న మనిషి. అందులో ‘నేను’ ఉంది, పట్టరాని కోపమూ ఉంది. దాన్ని సమీక్షించినప్పుడు మాత్రం మనం ఎక్కువగా వెతికింది 1981లో బెహ్మయిలో ఎవరు కాల్చారన్నదే.