పెద్దాసుపత్రికి చీటీ

‘ఇంగ నువ్వు చూడవా మేడమ్?’

తనకల్లులో కౌన్సెలింగ్‌కు నా దగ్గరికి వచ్చినవాళ్లను డాక్టరు దగ్గరికి పొమ్మంటే మొదట వినబడే మాట ఇదే. రెండోది, ‘నన్ను పిచ్చాసుపత్రికి పంపిస్తాండావా?’ ఈ రెండింటికీ జవాబు చెప్పకుండా చీటీ రాసిస్తే అది మడతపడి జేబులోనే నలిగిపోతుంది.

రెఫరల్ గురించి మా పుస్తకాల్లో పట్టికలుంటాయి. ఎప్పుడు పంపాలి, ఎవరికి పంపాలి అని. బస్సు చార్జీ ఎవరిస్తారు, ఆ పూట కూలి పోతే ఎట్లా అన్నది ఏ పట్టికలోనూ ఉండదు. కదిరి ఏరియా ఆసుపత్రికి పోవడమే మాకొక పని. 2022 ఏప్రిల్‌లో మేం శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చాం, జిల్లా కేంద్రం పుట్టపర్తి. కానీ రోగం జిల్లా హద్దులు చూసుకోదు, బస్సుండే దారినే పోతుంది. చాలామంది నోట వచ్చేది బెంగళూరు నిమ్హాన్స్. కొడుకో కూతురో అక్కడ కూలికి పోయి ఉంటారు, రాత్రికి తలదాచుకునే చోటు ఉంటుంది. అదే అసలు కారణం.

నాకైతే మొదటి గుమ్మం పీహెచ్‌సీయే అనిపిస్తుంది. కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో 1980లలో నిమ్హాన్స్ వాళ్లు చేసి చూపించింది అదే. జనాన్ని పెద్ద డాక్టర్ల దగ్గరికి తరలించడం కాదు, ఊరికి దగ్గర్లో ఉన్న డాక్టర్లకే మానసిక జబ్బులు గుర్తుపట్టి మందులివ్వడం నేర్పారు. ఆ పద్ధతి చూసే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. మొదటి నాలుగు జిల్లాల్లో అప్పట్లో మన రాష్ట్రంలో ఉన్న మెదక్ ఒకటి.

పంపడంలో ఆలస్యం చేయకూడనివి కొన్ని ఉన్నాయి. ‘ఈయన చేత తాగుడు మాన్పించు మేడమ్’ అని భార్య తీసుకొస్తుంది. నేను చేతులు ముందుకు చాపమంటాను, వేళ్లు విడదీసి. పొద్దున లేస్తూనే ఆ వేళ్లు వణికి, మందు పడితే గానీ వణుకు నిలవని మనిషైతే, అతని దగ్గర ఒట్టు వేయించుకోవడం ప్రమాదం. మాట మీద నిలబడి ఒక్కసారిగా మానేశాడనుకోండి, రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. లేని పురుగులు ఒంటిమీద పాకుతున్నట్టు కనబడతాయి, మనుషులను గుర్తుపట్టడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని అంత్రం కట్టించుకొస్తారు. ఆ రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోయినా పోవచ్చు. ఇక్కడ ముందు డాక్టరు, తర్వాతే నా మాటలు. ‘ఇంటి దగ్గర నీ అంతట నువ్వు ఒక్కసారిగా మానొద్దు, ఆసుపత్రికి పోయి మాను’ అంటే భార్య నన్ను అనుమానంగా చూస్తుంది. ఆమె తప్పేం లేదు.

ఇంకో రకం ఉంది. ఎప్పుడూ మగత, ఒళ్లు బరువు, జుట్టు రాలడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం. అత్త సోమరిపోతు అంటుంది, కోడలు ఏడుస్తుంది. ఆ ఏడుపు వినే ముందు థైరాయిడ్ రక్తపరీక్షకు పంపాలి.

చీటీలో రోగం పేరు రాయను, అది తేల్చడం నా పని కాదు. నిద్ర ఎన్నాళ్లుగా లేదు, తిండి ఎట్లా ఉంది, చచ్చిపోతానన్న మాట నోట వచ్చిందా, ఇంట్లో చెనక్కాయ చేనుకు కొట్టే మందు ఎక్కడ పెడతారు, ఇంతకుముందు ఏ మాత్రలు మింగారు... ఇవే రాస్తాను. రాసింది చదివి వినిపిస్తాను. మొగుడు కొట్టిన సంగతి అందులో ఉండాలా వద్దా అన్నది ఆమే చెప్పాలి. తర్వాత అంటించి ఇస్తాను. రోగి సంగతులు గుట్టుగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అంటుంది. ఓపీ వరుసలో వెనక నిలబడేది మన పక్కింటి వాళ్లేనని చట్టానికేం తెలుసు?

అదే చట్టంలో 115వ సెక్షన్ ఉంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ చెబుతుంది. కేసవుతుందన్న భయంతో ‘పొరపాటున తాగింది’ అని డాక్టరుకు అబద్ధం చెప్పే కుటుంబాలకు ఈ ఒక్క ముక్క ముందే చెప్పి పెట్టాలి. అట్లాంటి మనిషిని చీటీతో ఒంటరిగా పంపను. తోడు ఎవరో తేలాకే కదలనిస్తాను. రాత్రిపూట నేను దొరక్కపోతే 14416కు ఫోన్ చేయమంటాను, అది టెలిమానస్ హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు.

‘ఇంగ నువ్వు చూడవా’ అన్నదానికి నా జవాబు, తిరిగొచ్చే రోజు చెప్పడమే. ‘వచ్చే సోమవారం చీటీ తీసుకొని నా దగ్గరికి రా అక్కా’ అని. అందుకే చీటీ కింద సగం కాగితం డాక్టరు రాయడానికి ఖాళీగా వదులుతాను. ఎక్కువసార్లు ఖాళీగానే వెనక్కి వస్తుంది, ఓపీలో అంత రద్దీ. ఎప్పుడో ఒకరు మందు పేరు, ఎన్నాళ్లు వాడాలో ఒక వరుస గిలికి పంపుతారు. రెండు వారాలకే ‘బాగైంది కదా’ అని మాత్రలు ఆపేసిన మనిషి ముందు ఆ వరుస పెట్టి మాట్లాడొచ్చు.