ముందు సెలవు, ఆ తర్వాతే పరుగు

వచ్చే సెప్టెంబరులో లేహ్ వెళ్తున్నాను. లద్దాఖ్ మారథాన్‌లో హాఫ్, అంటే 21.1 కిలోమీటర్లు పరుగెత్తాలని. 2012లో మొదలైన పోటీ ఇది. ఊరు సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఏడాది పొడుగునా పడే వాన మొత్తం వంద మిల్లీమీటర్లు దాటితే గొప్ప. మన హైదరాబాద్‌లో గట్టి వాన కురిస్తే ఒక్క రోజులోనే అంత పడిపోతుంది. ఇసుక తిన్నెలు పెద్దగా కనిపించని చల్లటి ఎడారి అది. గడ్డిపోచ మొలవని కొండల మధ్య సింధు నది పారినంత మేరే పచ్చదనం. ఆ దారిలో పరుగెత్తాలన్నది నాకు ఎన్నాళ్లుగానో ఉన్న కోరిక.

ఈ సంగతి మా నెక్లెస్ రోడ్డు పరుగు బృందంలో చెప్పగానే అమీర్‌పేట హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడొకడు అడిగాడు: "అక్కా, శుక్రవారం ఫ్లైట్ ఎక్కి, ఆదివారం పరుగెత్తి, సోమవారం ఆఫీసుకి వచ్చేయొచ్చు కదా?" సెలవు కోసం మేనేజర్ని బతిమాలుకునే వాళ్లెవరికైనా వచ్చే ప్రశ్నే. ముంబైకీ, బెంగళూరుకీ మనం అలాగే వెళ్లొస్తాం. లేహ్‌కి మాత్రం ఆ లెక్క పనికిరాదు. ఎందుకో వాడికి చెప్పిందే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

హైదరాబాద్ ఉన్నది అయిదొందల మీటర్ల పైచిలుకు ఎత్తున. అక్కణ్నుంచి విమానంలో ఒక్కసారిగా 3,500 మీటర్లకు చేరతాం. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే. కానీ గాలి ఒత్తిడి సముద్రతీరంతో పోలిస్తే మూడింట రెండు వంతులే ఉంటుంది కాబట్టి, పీల్చే ప్రతి శ్వాసలోనూ అందేది ఆ మేరకు తగ్గిపోతుంది. ఇదివరకు ఒకసారి చుట్టపుచూపుగా వెళ్లినప్పుడు, బ్యాగు పట్టుకుని గెస్ట్‌హౌస్ మొదటి అంతస్తుకి ఎక్కేసరికే నాకు ఆయాసం వచ్చింది. శరీరం దీనికి సర్దుకోగలదు, కాకపోతే తన పద్ధతిలో, తన వేగంతో. మొదటి గంటల్లోనే శ్వాస పెరుగుతుంది. ఆ తర్వాత మూత్రపిండాలు రక్తంలోని క్షారాన్ని బయటికి పంపి ఆ వేగమైన శ్వాసకి దారి ఇస్తాయి. దానికి కొన్ని రోజులు పడుతుంది. కొత్త ఎర్రకణాలు తగినన్ని తయారవడానికి వారాలు కావాలి. ఎంత సాధన చేసినవాళ్లయినా ఈ వరసను దాటలేరు. ఎత్తు దెబ్బకి తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మారథాన్లు పరుగెత్తేవాళ్లకీ వస్తాయి.

అందుకే ఈ ప్రయాణాన్ని పోటీ రోజు నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి. మా ఇంట్లో గోడ క్యాలెండర్ మీద పెన్సిలుతో అలాగే రాసుకున్నాను. పోటీ జరిగే ఆదివారం చుట్టూ గుండ్రం గీసి, ముందు రోజు గడిలో 'బిబ్ (పోటీ నంబరు), విశ్రాంతి' అని రాశాను. దానికి ముందు రోజుల్లో చిన్న చిన్న జాగింగులు, ఇంకాస్త వెనక్కి వెళ్తే ఊళ్లో నడకలు. లేహ్ ప్యాలెస్ దాకా ఒక రోజు, శాంతి స్తూపం మెట్లు నెమ్మదిగా ఎక్కుతూ ఇంకో రోజు. వాటికి ముందున్న రెండు గళ్లలో 'ఏమీ చేయకూడదు' అని రాసి కింద గీత పెట్టాను. పదిమందికీ చూపించాలనుకునేది ఆ రెండు గళ్లే. దిగిన మొదటి రెండు రోజులూ పడుకోవడం, నీళ్లు తాగడం, గది చుట్టూ తిరగడం, అంతే. పాంగాంగ్ సరస్సు 4,200 మీటర్ల పైన, ఖర్దుంగ్ లా కనుమ 5,300 మీటర్ల పైన ఉన్నాయి. చూడాలని ఎవరికి ఉండదు? వాటిని పోటీ అయ్యాక వచ్చే రోజుల్లో పెట్టుకున్నాను.

దారి ఎంచుకోవడంలోనూ ఇదే ఆలోచన. లేహ్‌కి విమానాలు ఎక్కువగా ఉదయం పూటే నడుస్తాయి, మధ్యాహ్నానికి లోయలో గాలులు పెరుగుతాయి కనుక. కాబట్టి ముందు రాత్రే ఢిల్లీ చేరి ఉండాలి. రోడ్డున వెళ్లాలనుకుంటే మనాలీ దారి మీద మోజు పడేవాళ్లే ఎక్కువ. కానీ ఆ దారిలో చాలామంది రాత్రి ఆగే సర్చు 4,200 మీటర్ల పైన ఉంది, లేహ్ కంటే ఎత్తు. ఎత్తున తిరగొచ్చు గానీ పడుకోవడం తక్కువ ఎత్తులో ఉండాలన్నది పర్వతారోహకులు మొదట నేర్పే పాఠం. శ్రీనగర్ దారి ఆ పాఠానికి దగ్గరగా ఉంటుంది. శ్రీనగర్ సుమారు 1,600 మీటర్లు, రాత్రి ఆగే కార్గిల్ సుమారు 2,700, ఆ తర్వాత లేహ్. ఖర్చు తక్కువ, శరీరానికి మేలు ఎక్కువ, పట్టేది మాత్రం ఇంకో రెండు రోజులు. నాకు వీలు చిక్కింది కాబట్టి వెళ్లేటప్పుడు ఈ దారే పట్టుకుంటున్నాను. బీపీ, గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్లు ముందే డాక్టరును కలవాలి. ఎత్తు దెబ్బకి వాడే డయామాక్స్ లాంటి మాత్రలు ఎవరో చెప్పారని వేసుకోకూడదు, సల్ఫా మందులు పడనివాళ్లు అసలే వేసుకోకూడదు. తలనొప్పి ముదిరినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా పరుగు సంగతి మరచిపోయి కిందికి దిగాల్సిందే.

ఇక సాధన. ఎర్రమంజిల్‌లో ఉన్నందుకు ఎత్తుపల్లాలకు కొదవ లేదు. ఖైరతాబాద్ నుంచి మెట్రో స్తంభాల పక్కన ఎర్రమంజిల్ గుట్ట మీదికి, పంజాగుట్ట నుంచి బంజారాహిల్స్ ఒకటో నంబరు రోడ్డు మీదుగా పైకి, తెల్లవారకముందే ఎక్కి దిగుతున్నాను. ఎక్కడం నేర్చుకోవచ్చు గానీ పలచటి గాలిని ఇక్కడ నేర్చుకోలేం. నేర్చుకోగలిగింది నిదానం. మైదానాల వాళ్ల శరీరం ఆ ఎత్తులో వాడుకోగల ఆక్సిజన్ సుమారు అయిదో వంతు తగ్గుతుంది. కాబట్టి గడియారం చూడకుండా, పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగంలోనే గుట్ట ఎక్కడం సాధన చేస్తున్నాను. మాట తెగితే నడక. లేహ్ ఊరు సింధు లోయకు ఎగువన ఉంది కనుక నది వైపు దిగినవాళ్లు మళ్లీ ఎక్కి రావాలి. బలమంతా ఆ చివరి ఎక్కుడుకే దాచుకోవాలి. ఆగస్టు చివరి ఆదివారం జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఈసారి పదికేతో సరిపెట్టుకోవడం అందుకే.

నీళ్ల విషయం ఇంకా పెద్దది. ఇక్కడ ఆగస్టులో పరుగెత్తితే టీషర్టు పిండితే నీళ్లు కారతాయి, ఎంత చెమట పోయిందో కళ్లకు కనిపిస్తుంది. లద్దాఖ్ పొడిగాలిలో పట్టిన చెమట పట్టినట్టే ఆవిరైపోతుంది. దాహం తెలిసేసరికే ఆలస్యమవుతుంది. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకూ అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు పది శాతం పెరుగుతుంది కనుక టోపీ, కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ కూడా పరుగు సామానులో భాగమే.

అయితే తాగే ఆ నీళ్లు ఎక్కడివి? నేను రోజూ పరుగెత్తే దారిలోనే తెలంగాణ నీటిపారుదల శాఖ కార్యాలయం జలసౌధ ఉంది. దాని ముందు నుంచి వెళ్లేటప్పుడు నాకు లద్దాఖ్ ఇంజనీరు చెవాంగ్ నోర్ఫెల్ గుర్తొస్తారు. అక్కడి పొలాలకు ఆధారం హిమానీ నదాల కరుగునీరు. విత్తే వేళకు అది సరిగా అందదు. చలికాలంలో వృథాగా పోయే నీటిని నీడపట్టు లోయల్లో నిలిపి గడ్డకట్టించి, వసంతంలో కరిగి పొలాలకు పారేలా ఆయన ఊళ్ల పైన కృత్రిమ హిమానీ నదాలు కట్టించారు. 2015లో పద్మశ్రీ అందుకున్నారు. మరో లద్దాఖ్ ఇంజనీరు సోనమ్ వాంగ్‌చుక్ మంచు స్తూపాలు అదే బాటలో వచ్చినవి. కాకతీయుల చెరువుల నీళ్లు తాగి పెరిగిన మనకు ఆ పని విలువ వివరించక్కర్లేదు. అలాంటి ఊరికి వేలమందిమి ఒకేసారి పరుగుకి వెళ్తున్నప్పుడు, సీసా మనమే తీసుకెళ్లడం, బకెట్‌తో స్నానం, సగం తాగిన నీళ్లు పారబోయకపోవడం మన ప్లానులో రాసుకోవాల్సినవే.

ఎత్తుకు అలవాటు పడటం మనవాళ్ల వల్ల కాని పనేమీ కాదు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ గురుకుల విద్యార్థులుగా భువనగిరి గుట్ట మీద ఎక్కడం మొదలుపెట్టారు. డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో శిక్షణ పొంది 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం చేరారు. అప్పటికి పూర్ణకి పదమూడేళ్లు. ఆ పిల్లల ధైర్యాన్ని అందరం పొగిడాం. ఆ ధైర్యం వెనక మెట్టు మెట్టుకూ ఆగిన రోజులున్నాయి. అటు నుంచీ ఇంతే. జిగ్మెత్ డోల్మా లాంటి లద్దాఖ్ అమ్మాయిలు ముంబై మారథాన్‌కి దిగివచ్చినప్పుడు ఆ ఉక్కపోత వాళ్లకి కొత్త.

కాబట్టి ఆ హాస్టల్ తమ్ముడికి చెప్పినదే మీకూ చెబుతున్నాను. లేహ్‌లో పరుగెత్తాలనుంటే ముందు సెలవు అడగండి, దొరికాకే పేరు నమోదు చేసుకోండి. ఎంట్రీ ఫీజు, టికెట్లు, బూట్లు అన్నీ ఆ తర్వాతే. పది రోజులు దొరక్కపోతే ఈ ఏడాది మానేసి మన ఊళ్లోనే పరుగెత్తండి. కొండలెక్కడికీ పోవు, వచ్చే ఏడాది సెలవు అర్జీ మాత్రం జనవరిలోనే పెట్టండి.