దిద్దుబాటూ రచనే

పనిముట్టు వాడే విధానం చెప్పే పుస్తకంతో సాహిత్య విమర్శకు పనేమిటని కొందరంటారు. వచనం ప్రజలకు దేనికి పనికివస్తున్నదో విచారించడం విమర్శ కర్తవ్యమైతే ఈ ఆక్షేపణ నిలవదు.

లిబ్రెఆఫీస్ 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి విడివడిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దాని కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. కాని కోడ్ చదవగలిగినవారెందరు? తక్కినవారికి ఆ స్వేచ్ఛ అందాలంటే ‘రైటర్ గైడ్’ వంటి పుస్తకాలే ఆధారం. వీటిని రాసి దిద్దేవారిలో అధికులు స్వచ్ఛంద కార్యకర్తలు.

ఈ గైడ్‌లో స్టైల్స్‌ను గురించిన అధ్యాయం నాకు నచ్చింది. ఏ మీట నొక్కాలో చెప్పి ఊరుకోదు. శీర్షికల రూపం ఒక్కచోట మారిస్తే పత్రమంతటా మారే ఏర్పాటు ఎందుకు మేలో వివరిస్తుంది. చదువరిని ఆలోచించే మనిషిగా గౌరవించే వచనమిది. పైగా దీన్ని సవరించి పంచే హక్కును కూడా లైసెన్సు అతనికిస్తుంది.

సాఫ్ట్‌వేర్ సుమారు ఆరునెలలకొకసారి కొత్తరూపు దాలుస్తుంది. నిన్నటి సరైన వాక్యం నేడు తప్పుదారి పట్టిస్తుంది. కనుక ఇక్కడ దిద్దుబాటే రచన. తాజా కూర్పుకు పనిచేసినవారితోపాటు పాత కూర్పులవారి పేర్లనూ గైడ్ పేర్కొంటుంది. ఇది మంచి సంప్రదాయం. అయినా కొత్తది కట్టినవానికి దక్కే కీర్తి, దాన్ని పదిమందికీ అర్థమయ్యేటట్లు నిలిపినవానికి దక్కడం లేదు.

పనిముట్టు సమష్టి ఆస్తి అయినంత మాత్రాన చాలదు. దాన్ని వాడే జ్ఞానమూ సమష్టిది కావాలి. ఆ జ్ఞానాన్ని కాపాడేవారిని రచయితలుగా గుర్తించని విమర్శ శ్రమను గౌరవిస్తున్నానని చెప్పుకోలేదు.