పట్టు తప్పని యంత్రం

ట్రాక్టర్‌లో ఏదో షాఫ్టు అరిగిపోతుంది. కంపెనీ ఆ మోడల్ ఆపేసి చాలా కాలమైంది, స్పేరు దొరకదు. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ బాలానగర్‌లోనో ఒక టర్నర్ ఆ పాత షాఫ్టును కొలిచి, అచ్చం అలాంటిదే తీసిస్తాడు. ఆ పని చేసిపెట్టేది లేత్ మిషను.

డ్రిల్లింగ్ మిషనులో పనిముట్టు తిరుగుతుంది. లేత్‌లో తిరిగేది జాబ్, అంటే కోయాల్సిన ముక్క. టూల్ తిరగదు, గీత గీసినట్టు జరుగుతుంది. పూర్వం ఆ టూల్‌ను చేత్తోనే అదిమి పట్టేవారు. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే టూల్‌ను పట్టి నడిపే స్లైడ్ రెస్టునూ, దాన్ని లెక్క ప్రకారం జరిపే లీడ్ స్క్రూనూ, మార్చుకునే గేర్లనూ ఒకే ఇనుప యంత్రంలో చక్కగా కూర్చాడు. అప్పటినుంచి కొలత చేతి నిలకడ మీద కాక, యంత్రం నిలకడ మీద ఆధారపడింది.

ఆ నిలకడకు మూలం అడుగున ఉండే బెడ్. దీన్ని పోత ఇనుముతో చేస్తారు. అది బరువుగా ఉండి అదురును తనలోనే ఇముడ్చుకుంటుంది. దాని మీది పట్టాలు ఎంత తిన్నగా ఉంటే జాబ్ అంత తిన్నగా వస్తుంది. పని ఎక్కువగా జాబ్‌ను పట్టే చక్ దగ్గరే జరుగుతుంది కనుక బెడ్ కూడా అక్కడే ముందు అరుగుతుంది. పాత లేత్ కొనేటప్పుడు మొదట చూడాల్సింది ఆ అరుగుదలే.

ఎడమవైపు హెడ్‌స్టాక్. అందులోని గేర్లు జాబ్‌ను తిప్పే స్పిండిల్ వేగాన్ని మారుస్తాయి. మెత్తని ఉక్కును హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో నిమిషానికి 30 మీటర్ల వేగంతో కోయాలంటే, 50 మి.మీ. వ్యాసం జాబ్‌ను నిమిషానికి సుమారు 190 చుట్లు తిప్పాలి. జాబ్ సన్నబడితే చుట్లు పెంచాలి. స్పిండిల్ మూతికి చక్ ఉంటుంది. మూడు జాల (దవడల) చక్‌లో జాలు కలిసి కదులుతాయి, గుండ్రటి జాబ్ చటుక్కున మధ్యకు వస్తుంది. నాలుగు జాల చక్‌లో దేనికదే బిగించాలి. ఆలస్యమైనా, వంకర టింకర జాబ్‌లకు అదే గతి.

కుడివైపు టెయిల్‌స్టాక్. పొడవైన షాఫ్టును చక్ ఒక్కటే పట్టుకుంటే, టూల్ తోపుకు రెండో కొస వెనక్కి వంగి, అక్కడ లావుగా మిగిలిపోతుంది. టెయిల్‌స్టాక్ సెంటర్ ఆ కొసను నిలబెడుతుంది. సెంటర్ తీసి డ్రిల్ బిట్ పెడితే, జాబ్ నడిమధ్య రంధ్రం వేస్తుంది.

ఈ రెంటి నడుమ నడిచేది క్యారేజ్. అందులో స్యాడిల్ బెడ్ వెంట, క్రాస్ స్లైడ్ అడ్డంగా, కాంపౌండ్ రెస్ట్ ఏటవాలుగా జరుగుతాయి. పైన టూల్ పోస్ట్ టూల్‌ను బిగించి ఉంచుతుంది. టూల్‌ను అర మి.మీ. లోపలికి పంపితే జాబ్ వ్యాసం ఒక మి.మీ. తగ్గుతుంది. కొత్తవాళ్లు జాబ్ పాడుచేసేది ఈ లెక్కలోనే.

అసలు విద్యంతా మర కోయడంలో ఉంది. లీడ్ స్క్రూ పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం) 6 మి.మీ., కావలసిన మర పిచ్ 1.5 మి.మీ. అనుకుందాం. స్పిండిల్ నాలుగు చుట్లు తిరిగేలోపు లీడ్ స్క్రూ ఒక్క చుట్టే తిరిగేలా గేర్లు వేయాలి. క్యారేజ్ ముందున్న ఏప్రాన్‌లోని హాఫ్ నట్‌ను లీడ్ స్క్రూ మీద మూయగానే క్యారేజ్ ఆ లెక్క ప్రకారం నడుస్తుంది. మామూలు కోతకు క్యారేజ్‌ను నడపడానికి ఫీడ్ రాడ్‌నే వాడాలి. లీడ్ స్క్రూను మరలకే దాచుకుంటే దాని కొలత చాలాకాలం చెడదు.

వేల ముక్కలు ఒకే తీరున కావాలంటే కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మిషనుకు సాటి లేదు. కానీ డ్రాయింగ్ లేని ఒక్క ముక్క కావాలంటే మీటలు తిప్పే లేతే దిక్కు. కోత ఎక్కువైతే టూల్ చేసే కీచు శబ్దం విని, లోహాన్ని బట్టి మారే రజను తీరు చూసి నేర్చుకునేది కూడా దాని దగ్గరే. ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చదివే పిల్లలు సీఎన్‌సీకి తొందరపడకుండా ముందు ఈ మిషను మీద చేయి తిరిగేలా సాధన చేయాలి. ప్రోగ్రామ్ రాయడం తర్వాతైనా వస్తుంది.